చిరిగిన వల

గేటు వైపు గోలుపోస్టు, ఎడమ పక్క వలకి
ఒక చిరుగు ఉండేది.
కొబ్బరిబొండాం దూరేంత.
ప్రతి ఆగస్టులో దైవాదీనం మాస్టారు పురికొసతో కుట్టేవారు.
సెప్టెంబరుకల్లా అది మళ్లీ నోరు తెరిచేది.

నేను దాని పక్కనే కూర్చునేవాణ్ణి.
టీములో పదహారోవాణ్ణి.
బంతులు ఏరుకొచ్చేది నేను, నిమ్మకాయలు కోసేది నేను,
హాఫ్‌టైములో యేసుపాదం బూట్లు విప్పి
బెనర్జీకి తొడిగేదీ నేనే.
ఉన్నది ఒకటే మంచి జత.
యేసుపాదానికి ముందు కాగితాలు కుక్కాలి,
బెనర్జీకి అవి పీకేయాలి.

బోర్డు మీద బి.ఆర్. స్టేడియం అని ఉండేది.
మాకు మాత్రం గ్రౌండు.
"గ్రౌండుకెళ్లాడు" అంటే చాలు
ఇంట్లో అన్నం మీద మూత పెట్టేసేవాళ్లు.

మిర్చి యార్డు వైపు నుంచి గాలి మళ్లిందా,
గ్యాలరీ మొత్తం ఒక్కసారే తుమ్మేది.
పొరుగూరి రెఫరీలు కంగారుపడి ఈల వేసేవారు.
మేం ఆడుతూనే ఉండేవాళ్లం
ముక్కులు చొక్కాలకి తుడుచుకుంటూ.

తెనాలి వాళ్ల చేతిలో ఏడు గోల్స్ తిన్నరోజు
ఎనిమిదోది మేం వేశాం.
ఆ ఒక్కదానికే బ్రాడీపేట లైన్లన్నీ ఊరేగాం.
పెనాల్టీ కొట్టబోతుంటే ఒక గేదె వచ్చి నిలబడింది,
వెనకాలే ఒకావిడ, "ఒక్క నిమిషం బాబూ, ఇదిగో తోలుకుపోతా."
వానకి నాని రోకలిబండంత బరువెక్కిన బంతికి
తల పెట్టిన సాల్మన్‌రాజు
మూడు రోజులు వాళ్లమ్మని కూడా "మాస్టారూ" అని పిలిచాడు.

ఇవన్నీ ఎవరికైనా చెప్తాను.
ఇంకోటుంది.

ఎనభై ఎనిమిది. జిల్లా ఫైనలు. కొత్తపేట స్కూలు మీద.
ఒకటికి ఒకటి. మునిమాపు వేళ,
సున్నం గీతలు ఒక్కటే కనపడుతున్నాయి.
వాళ్ల గోలీ మస్తాన్‌వలి
చేతులకి ఖాకీ సాక్సులు తొడుక్కుని
రెండు పోస్టుల మధ్య పిల్లిలా తిరుగుతున్నాడు.
బెనర్జీ కొట్టాడు.
బంతి పోస్టు బయట నుంచి వచ్చి
చిరుగులో దూరి
లోపల, బుద్ధిగా, కూర్చుంది.

గ్యాలరీ లేచింది. కొత్తపేట వాళ్లూ లేచారు.
రెఫరీ విక్టర్‌గారు రైల్వే గార్డు.
రొప్పుతూ నా దగ్గరికొచ్చి అడిగారు,
"దగ్గరున్నావు కదరా, ఏ పక్క నుంచి?"

నా చేతిలో సగం కోసిన నిమ్మకాయ.
నేను అబద్ధం చెప్పలేదు.
తల ఊపాను, అంతే.
మన తల ఊపుడు అటూ అవుతుంది, ఇటూ అవుతుంది.
ఆయన ఇటు తీసుకున్నారు,
గూడ్సు బండిని పంపినట్టు పొడుగ్గా ఈల వేశారు.

కప్పులో గోలీసోడా పోసుకుని తాగాం.
నిమ్మకాయ మంట వేలి కోతలో ఉండిపోయింది.
మస్తాన్‌వలి సాక్సులు విప్పుకుంటూ
విక్టర్‌గారిని చూడలేదు.
నన్నే చూశాడు.

మొన్న శంకర్‌విలాస్ సెంటర్లో
మా చిన్నదాని మార్కుల లిస్టు లామినేషన్‌కి ఇస్తే
కళ్లజోడు పైనుంచి చూసి, "గేటు పక్క కూర్చునేవాడివి కదా?" అన్నాడు.
అవునన్నాను.
"వలలు మార్చారంట."
"మార్చారు. నైలాను."
కాగితం మూలలు సరిచేస్తూ చాలాసేపు ఊరుకున్నాడు.
"ఒక్కటి చెప్పు. ఆ రోజు తల ఎటు ఊపావు?"

ముప్పై ఏళ్లుగా అద్దం ముందు
ఎన్నిసార్లు ఊపి చూసుకున్నానో.
"తెలీదు మస్తానూ," అన్నాను.
నవ్వలేదు. కోప్పడనూ లేదు.
మిషను మీద చెయ్యి పెట్టి చూసి,
"కాస్త ఆగాలి," అన్నాడు,
"ఇంకా వేడెక్కలేదు."